పుస్తకాల బండి మోసుకొచ్చిన మాట

మా తమ్ముడి కూతురు మొట్టమొదట సాధించిన విజయం ఏదని అడిగితే మా ఇంట్లో అందరూ పెద్ద బండి లైసెన్సు అంటారు. నేను ఒప్పుకోను. లైసెన్సు తర్వాతి మాట. అంతకుముందే నానా తంటాలు పడి, ఒక ఎనిమిదేళ్ల పిల్ల చేత పదిమందిలో "ఈ పుస్తకం నాకు నచ్చలేదు" అని అనిపించింది. అదీ మొదటి విజయం.

ఇందులో ఏముందిలే అని మీకు అనిపించవచ్చు. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం లారీ నడిపినవాణ్ని. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆ పుస్తకాల బండి మీద ఒక చుట్టు తిరిగొచ్చాక గాని అసలు సంగతి తలకెక్కలేదు.

గ్రంథాలయం వాళ్ల బండి అది. మా వీధి చివర బయలుదేరి, ఇటుకబట్టీల దగ్గర ఆగుతుంది, పాల కేంద్రం దగ్గర ఆగుతుంది, నూలు మిల్లు క్వార్టర్ల దగ్గర ఆగుతుంది. చివరి మజిలీ కొండ మీద రాళ్ల క్వారీ. ఒక్కో చోట ఒక రోజో రెండు రోజులో ఉండి, క్వారీ నుంచి తిన్నగా వెనక్కి దిగి వస్తుంది. దాన్ని ఒక చుట్టు అంటారు. వెనక తలుపు తెరిస్తే ఇనుప మెట్టు కిందకు దిగుతుంది. లోపల రెండు వైపులా అరలు. కుదుపులకు పుస్తకాలు జారిపడకుండా ప్రతి అరకూ అడ్డంగా పాత సైకిలు ట్యూబు కోసి కట్టిన పట్టీ ఒకటి. ఆ పట్టీలు కట్టింది నేనే.

మా పిల్ల ముందు ఆ బండి మీద సహాయకురాలిగా చేరింది. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, అరలో పెట్టడం, అదీ పని. పుస్తకం తిరిగిచ్చే ప్రతి పిల్లనీ, పిల్లవాణ్నీ "ఎలా ఉంది?" అని అడిగేది. "బాగుందండి." "ఏం బాగుంది?" "నీతి బాగుందండి." అంతే, ఇక నోరు మెదపరు. కొందరు మరీ తెలివైనవాళ్లు, అట్ట వెనక అచ్చేసిన నాలుగు వాక్యాలూ గుక్క తిప్పుకోకుండా అప్పగించేవారు. ఒకసారి ప్రెస్సులో ఏదో తేడా వచ్చి, సగం పేజీలు అచ్చు పడకుండా తెల్లగా ఉన్న పుస్తకం ఒకటి అరలో చేరింది. దాన్ని తీసుకెళ్లినవాడు కూడా "బాగుందండి" అనే తిరిగిచ్చాడు.

ఆ రోజు ఇంటికొచ్చి నాతో అంది. "వాళ్లకి నేను పరీక్ష పెడుతున్నట్టుంది పెదనాన్నా. నా మొహం చూడగానే తప్పు చెప్పకూడదని బిగుసుకుపోతున్నారు."

"అయితే నీ మొహం చూడనివ్వకు," అన్నాను నవ్వులాటకి.

మా పిల్ల దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. మర్నాటి నుంచి, పుస్తకం చదివినవాళ్లని తీసుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. స్టీరింగు పట్టుకోవాలి, ముందు అద్దంలోంచి రోడ్డు చూడాలి, రోడ్డుకే చెప్పాలి. "నాకు చెప్పొద్దు. తర్వాతి మజిలీలో పిల్లలుంటారు కదా, వాళ్లకి చెబుతున్నట్టు చెప్పు. ఆ మాట నేను మోసుకెళ్లి వాళ్లకి అప్పగిస్తాను," అనేది. పుస్తకం నచ్చితే ఒక హారన్ కొట్టొచ్చు. నచ్చకపోతే హారన్ లేదు, ఎందుకు నచ్చలేదో చెప్పాలి. 'బాగుంది' అని ఒక్క ముక్క అని ఊరుకుంటే సీటు దిగిపోవాల్సిందే.

అప్పట్లో బండికి ఒక పాత డ్రైవరు ఉండేవాడు. ఆయనకిది కొరుకుడు పడలేదు.

"ఏమ్మా, నా సీటు మీదకి పిల్లల్ని ఎక్కిస్తున్నావు. రేపు నన్ను కూడా పుస్తకం చదివి చెప్పమంటావా ఏంటి?"

"చెబుతానంటే ఎవరొద్దన్నారు బాబాయ్?"

"నాకు ఈ రోడ్డు చదవడమే సరిపోతోంది తల్లీ. గుంటలెక్కువ, కథ తక్కువ."

చాలాకాలం హారన్లే మోగాయి. హారన్ కొట్టాలన్న సరదాకైనా అందరికీ అన్ని పుస్తకాలూ నచ్చేవి. ఒకరోజు క్వారీ దగ్గర, అందరిలోకీ చిన్నది, అంతా 'ఆవగింజ' అని పిలిచే పిల్ల సీటెక్కింది. కాళ్లు కిందకు అందవు. తల స్టీరింగు మీదుగా సగమే కనబడుతుంది. చేతిలో ఒక మాట్లాడే గాడిద కథ. ఆ గాడిద ఊరందరికీ మంచి బుద్ధులు చెబితే ఊరంతా బాగుపడుతుంది.

"నాకు నచ్చలేదు," అంది ఆవగింజ రోడ్డు వంక చూస్తూ. "గాడిద పొద్దస్తమానం అందరికీ బుద్ధులు చెబుతూనే ఉంది. దానికి గడ్డి ఎవరు పెట్టారో ఒక్క చోటైనా రాయలేదు."

కింద నిలబడ్డ పిల్లలందరూ మా పిల్ల వంక చూశారు, ఇప్పుడు చివాట్లు పడతాయని. మా పిల్ల, "ఈ మాట తీసుకెళ్లి నూలు మిల్లు వాళ్లకి చెప్పనా?" అని అడిగింది. "చెప్పు," అంది ఆవగింజ. చెప్పింది. తర్వాతి చుట్టులో గాడిద పుస్తకం కోసం నూలు మిల్లు పిల్లలు అరల దగ్గర తోసుకున్నారు. గడ్డి సంగతి నిజమా కాదా అని ప్రతివాడికీ తనే చూడాలని. ఒక పిల్ల చదివొచ్చి, "గాడిద పెరట్లో మేస్తోందని బొమ్మలో ఉంది, ఆవగింజకి చెప్పండి," అంది. ఆ మాట కొండెక్కింది. "బొమ్మలో ఉంటే సరిపోదు," అని జవాబు కొండ దిగింది. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడని పిల్లలు అలా మా పిల్ల నోటి మీదుగా వాదులాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాతే లైసెన్సు. పాత డ్రైవరు పని మానుకుంటే ఆ సీటు తనకే కావాలని మా పిల్ల పట్టుబట్టింది. పరీక్ష పెట్టే ఆయన మొదటిసారి ఎగాదిగా చూసి కుదరదన్నాడు. రెండోసారి రివర్సులో డ్రమ్ముకు తగిలించింది. మూతపడ్డ గోడౌను వెనక ఖాళీ స్థలంలో డ్రమ్ములు పెట్టి నేనే నేర్పాను.

"ఇంకా ఎన్నిసార్లు పెదనాన్నా?"

"డ్రమ్ము నిన్ను చూసి భయపడేదాకా."

మూడోసారి ఆయన సంతకం పెట్టక తప్పలేదు. మా వంశంలో పెద్ద బండి నడిపినవాళ్లలో నేను మొదటివాణ్నయితే, ఆడపిల్లల్లో అది మొదటిది. చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. కొండ మలుపులో చక్రం పగిలితే ఎవరి కోసమూ చూడకుండా తనే మార్చుకుంది. ఒక వానకి బండి పైకప్పు కారి రెండు అరలు తడిస్తే, మిల్లు వాళ్లని అడిగి నూలు ఆరేసే తాళ్ల మీద పుస్తకాలన్నీ బోర్లించి ఆరబెట్టింది, ఒక్కటి కూడా పారెయ్యలేదు. గ్రంథాలయం పెద్దసారు సభలో లేపి నిలబెట్టి మరీ పొగిడారు. నేను రెండో వరుసలో కూర్చుని విన్నాను.

ఇంత పేరు తెచ్చుకున్న పిల్లకి ఈమధ్య ఒక చిక్కు వచ్చిపడింది. అది తన చేజేతులా తెచ్చుకున్నదే.

మా వెనక వీధిలో ఒక పిల్లవాడున్నాడు. మందపాటి అద్దాల వల్ల అందరూ 'కళ్లజోడు' అంటారు. వాళ్లమ్మ ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆవిడ కళ్లకు జబ్బు చేసింది, ఆపరేషను చేశారు, ఒక కన్ను పూర్తిగా తిరిగి రాలేదు. ఈ పిల్లవాడు పొద్దున బడికి వెళ్లేముందు సూదులన్నిటికీ దారాలు ఎక్కించి ఒక గుడ్డ దిండుకు గుచ్చి వెళతాడు. ఆవిడ వాటితోనే సాయంత్రం దాకా నెట్టుకొస్తుంది.

ఆ పిల్లవాడికి ఒక పుస్తకం దొరికింది. గడియారాలు బాగుచేసే తండ్రి, ఆయన కూతురు. తండ్రికి చూపు తగ్గిపోతుంది. ఆ సంగతి బయటికి పొక్కకుండా కూతురే దొంగచాటుగా గడియారాలన్నీ బాగుచేసి ఇస్తుంటుంది. చివరికి ఉండబట్టలేక ఒకరోజు కొట్లో అందరి ముందూ నిజం చెప్పేస్తుంది. అందరూ లేచి చప్పట్లు కొడతారు. కథ అయిపోతుంది. కళ్లజోడు ఆ పుస్తకం రెండు చుట్లు తిరిగి ఇవ్వలేదు. ఇచ్చిన రోజున సీటెక్కి హారన్ ఎంతసేపు నొక్కాడంటే, మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఇలాంటి పుస్తకం ఇంకోటి లేదని చెప్పండి. అన్ని మజిలీల్లోనూ చెప్పండి," అన్నాడు.

మా పిల్ల చెప్పింది. క్వారీ దగ్గర ఆవగింజ, "అంత గొప్పదా, ఇటియ్యి," అని పట్టుకెళ్లింది. ఆవగింజకి ఇప్పుడు పదకొండేళ్లు. ఒళ్లు పెద్దగా పెరగలేదు, నోరు పెరిగింది. వాళ్ల నాన్న అదే క్వారీలో రాయి కొట్టేవాడు. దొర్లిన బండ కింద చెయ్యి పడి మూడు వేళ్లు పోయాయి. ఇప్పుడు గేటు దగ్గర కాపలా కూర్చుంటాడు.

తర్వాతి చుట్టులో ఆవగింజ హారన్ ముట్టుకోలేదు. అన్న మాట ఇది. "ఇది అబద్ధం పుస్తకం. నిజం చెప్పగానే ఎవరూ చప్పట్లు కొట్టరు. పని పక్క కొట్టుకి పోతుంది. మా నాన్నకి చెయ్యి పోయినప్పుడు అందరూ అయ్యో అన్నారు, ఆ వారమే వేరేవాణ్ని పనిలోకి పెట్టుకున్నారు. ఈ పుస్తకం గొప్పదన్నవాడి ఇంట్లో ఎప్పుడూ ఏ కష్టమూ వచ్చి ఉండదు. అలాగే చెప్పు."

ఈ మాట మోసుకుని కొండ దిగి వచ్చిన మా పిల్ల, అన్నం ముందు కూర్చుని కలుపుకోకుండా ఆలోచిస్తోంది. ఏమిటని మా ఆవిడ అడిగితే చెప్పింది.

"ఆ పిల్లవాడి మొహం మీద ఈ మాటంటావా?" అంది మా ఆవిడ. "వాళ్లమ్మ పరిస్థితి నీకు తెలీదా?"

"మోసుకెళ్లి చెబుతానని మాటిచ్చాను కదా పెద్దమ్మా."

"చెప్పొద్దనట్లేదు. కాస్త చల్లార్చి చెప్పు. వేడివేడిది ఎవరి నోట్లోనూ పెట్టం కదా."

మా పిల్ల చల్లార్చే చెప్పింది. 'క్వారీలో ఒకమ్మాయికి కూడా పుస్తకం నచ్చింది గాని, చివర కొంచెం తొందరగా అయిపోయిందంది' అని. కళ్లజోడు పొంగిపోయాడు. "నాకూ ఇంకో నాలుగు పేజీలుంటే బాగుండుననిపించింది. ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం అని చెప్పండి," అన్నాడు. అప్పటికి గాని మా పిల్లకి తను ఎక్కడ ఇరుక్కుందో అర్థం కాలేదు. ఈ జవాబు తీసుకెళ్లి ఎవరికి చెబుతుంది?

ఆ చుట్టుకి బండి మీద సహాయకుడు జ్వరంతో పడుకుంటే, పెద్దసారు నన్ను వెళ్లమన్నారు. అందువల్ల తర్వాత జరిగింది నా కళ్ల ముందే జరిగింది.

క్వారీలో బండి కాటా పక్కన ఆగుతుంది. లారీలు రాయితో సహా తూకం వేసుకునే చోటు అది. చెట్ల ఆకుల దగ్గర్నుంచి పిల్లల కనురెప్పల దాకా అన్నిటి మీదా తెల్లటి పొడి. మెట్టు పక్కన ఒక బకెట్టు నీళ్లు, ఒక తడిగుడ్డ పెడతాం. చేతులు కడిగి తుడుచుకుంటే గాని పుస్తకం ముట్టుకోకూడదు. ఆవగింజ చేతులు తుడుచుకుంటూనే అడిగింది.

"అతనేమన్నాడు?"

"ఎవరు?" అంది మా పిల్ల.

"ఎవరేంటక్కా. గడియారాల పుస్తకం అతను."

"ఏమంటాడు, విన్నాడు. ఊఁ అన్నాడు."

"ఊఁ అనడమేంటి? నేనన్నదానికి కోపమన్నా రావాలి, ఏడుపన్నా రావాలి. నువ్వు చెప్పలేదు కదూ?"

"చెప్పానమ్మా."

"ఏమని?"

కొండ మలుపుల్లో ఎదురొచ్చే రాళ్ల లారీలకు బెదరని మనిషి, ఆ పిల్ల ముందు తల ఎత్తలేకపోయింది.

"చివర కొంచెం తొందరగా అయిపోయిందన్నావని చెప్పాను."

"నేనలా అన్నానా?"

"అనలేదు."

"మరి అది ఎవరి అభిప్రాయం? నీదా?"

"నాదీ కాదు."

"ఎవరిదీ కాని మాటని అంత దూరం మోశావా అక్కా?"

మా పిల్ల మెల్లగా సర్దిచెప్పబోయింది. "అది కాదు తల్లీ, వాళ్లమ్మకి కళ్లు..."

"మా నాన్నకి చెయ్యి," అంది ఆవగింజ. తడిగుడ్డ మడిచి బకెట్టు అంచున వేసింది. సీటెక్కి, అరలోంచి చేతికందిన పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టుకుని, హారన్ గట్టిగా నొక్కింది. "బాగుంది," అంది. దిగిపోయింది.

వెనక నిలబడ్డవాడు ఎక్కాడు. హారన్. "బాగుంది." దిగాడు. తర్వాతది ఎక్కింది. "బాగుంది." ఒక్కరూ నవ్వలేదు. ఆఖరున ఐదేళ్ల బుడతడు ఒకడు, ఇంకా అక్షరాలు రానివాడు, ఎవరో ఎత్తి కూర్చోబెడితే తనూ హారన్ నొక్కి "బాగుంది" అని, తనేం చేశాడో తెలియక అందరి వంకా చూశాడు. ఆ పూట బండి దగ్గర ఇంకో మాట లేదు. పుస్తకాలు మాత్రం పద్ధతిగా తీసుకున్నారు, పద్ధతిగా ఇచ్చారు, అందరికీ అన్నీ బాగున్నాయి.

దిగేటప్పుడు దారిలో నేను ధైర్యం చెప్పబోయాను. "చిన్నపిల్లలమ్మా. వచ్చే చుట్టుకి మరిచిపోతారులే."

"మరిచిపోతే ఇంకా ఘోరం పెదనాన్నా," అంది గేరు మారుస్తూ. "ఎందుకన్నారో మరిచిపోయి, బాగుంది బాగుంది అంటూనే ఉంటారు. మళ్లీ మొదటికొచ్చినట్టే. ఆ పిల్ల మొదట నోరు విప్పడానికి ఎంతకాలం పట్టిందో నీకు తెలుసు కదా. ఇప్పుడు మూసుకుంది నా వల్ల."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చెయ్యాలో తెలుసు. ఎలా చెయ్యాలో తెలీదు."

ఊళ్లోకి రాగానే బండి షెడ్డులో పెట్టి, స్నానం కూడా చెయ్యకుండా వెనక వీధికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. కళ్లజోడు ముందుగదిలో కింద కూర్చుని, వాళ్లమ్మ విప్పమన్న కుట్టు విప్పుతున్నాడు. మిషను పక్క గోడకు కొక్కేలున్నాయి, కుట్టి తగిలించిన బట్టలు ఒకటో రెండో తప్ప అన్నీ ఖాళీ. ఆవిడ లోపల వంట చేసుకుంటోంది.

మా పిల్ల గుమ్మంలోనే కూర్చుని, ఆవగింజ అన్నదంతా, 'అబద్ధం పుస్తకం' దగ్గర్నుంచి 'ఏ కష్టమూ వచ్చి ఉండదు' దాకా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. పిల్లవాడు విప్పుతున్న దారం చేతికి చుట్టుకుంటూ విన్నాడు.

"పోయినసారి మీరిలా చెప్పలేదే," అన్నాడు.

"చెప్పలేదు. మార్చి చెప్పాను."

"ఎందుకు?"

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు రెండు బాధలయ్యాయి. ఆ అమ్మాయి అన్నదానికొకటి, మీరు దాచినదానికొకటి." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నేనేమన్నా పాలు తాగే పిల్లవాణ్నా?"

"కాదు. తప్పు నాదే."

లోపల్నుంచి వాళ్లమ్మ కేకేసింది. "ఏంట్రా అంటోంది బండి అక్క?"

"గడియారాల పుస్తకం గురించమ్మా."

ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "అదా. నాకు చదివి వినిపించాడుగా. చివర చప్పట్ల దగ్గర నాకు నవ్వొచ్చిందమ్మా. మన కొట్లో అయితే ముందు అడ్వాన్సు వెనక్కిమ్మంటారురా అన్నాను. వీడేమో ఏడుపు."

"అమ్మా, నువ్వూరుకో."

"నేనేమన్నాన్రా, నవ్వొచ్చిందన్నాను. పుస్తకం మంచిది కాదన్నానా?"

మా పిల్ల ఆ ఇంట్లోంచి ఏ జవాబూ లేకుండానే లేచి వచ్చింది. అతను ఇస్తానన్లేదు, తను అడగలేదు. ఆ వారమంతా మా ఇంట్లో గొంతులు తగ్గే వినిపించాయి. మా ఆవిడ మాత్రం ఒకసారి, "నా మాట వినకపోతే పోయేది," అని తనలో తను అనుకున్నట్టు అంది. "నీ మాట మంచికే పెద్దమ్మా. మొయ్యాల్సిన మాట నాది," అంది మా పిల్ల. ఆ మాటలో ఎవరినీ తప్పుపట్టడం లేదు. అది మా పిల్ల పద్ధతి.

మళ్లీ బండి బయలుదేరే రోజు వచ్చింది. ఇంజను వేడెక్కిస్తుంటే కళ్లజోడు బడిసంచీతో వచ్చి నిలబడ్డాడు. మా పిల్ల సీటు దిగి పక్కకు తప్పుకుంది. అతనెక్కి స్టీరింగు పట్టుకున్నాడు. రోడ్డు వంక చూస్తూ ఆగి ఆగి చెప్పాడు.

"ఆ అమ్మాయికి చెప్పండి. మా ఇంట్లో ఏం జరిగిందో తనకి తెలీదు, వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. మా అమ్మకి కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుట్టమని ఇచ్చిన బట్టలు ఎవరివి వాళ్లు వెనక్కి పట్టుకుపోయారు. అందుకే నాకా చివరి పేజీ నచ్చింది. బయట ఎక్కడా జరగలేదు, అక్కడన్నా జరిగింది కదా అని. అది అబద్ధమే. నాకు తెలుసు. తెలిసే రెండుసార్లు చదివాను. మా అమ్మ నవ్విందని కూడా చెప్పండి."

"సరే," అంది మా పిల్ల.

"ఒక్క ముక్క తగ్గించొద్దు."

"తగ్గించను. పెంచను కూడా."

"ఏదీ, ఒకసారి నాకు చెప్పండి."

పాఠం అప్పగించినట్టు మా పిల్ల మొత్తం అప్పగించింది. ఒక చోట 'పట్టుకుపోయారు' అనడానికి బదులు 'తీసుకెళ్లారు' అంది. అతను ఆపి దిద్దాడు. సభలో పెద్దసారు పొగిడిన మనిషి, పదకొండేళ్లవాడు దిద్దితే బుద్ధిగా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అప్పుడు గాని అతను సీటు దిగలేదు.

ఈసారి సహాయకుడు కోలుకుని తనే వెళ్లాడు కాబట్టి నేను ఇంట్లో ఉండిపోయాను. ఇంట్లో ఉన్నానే గాని మనసంతా కొండ మీదే. ఇటుకబట్టీల నుంచి ఒక ఫోను, బాగానే ఉన్నానని. పాల కేంద్రం నుంచి ఇంకోటి. నూలు మిల్లు దగ్గర్నుంచి మాత్రం గొంతు కాస్త దిగులుగా వినిపించింది. క్వారీ లారీల డ్రైవర్ల నోట కబురు అక్కడిదాకా పాకిందట. మిల్లు పిల్లలు కూడా అన్నీ బాగున్నాయంటున్నారట.

"అందరూ ఆవగింజ ఏమంటుందో అని చూస్తున్నారు పెదనాన్నా. రేపు పొద్దున కొండెక్కుతాను."

ఆ రేపు గడిచింది. ఆ మర్నాడు మధ్యాహ్నం క్వారీ కాటా గదిలోంచి ఫోను వచ్చింది. ఫోనులో వెనక నుంచి పిల్లల గోల. ఒకరి మాట మీద ఒకరు పడి అరుస్తున్నారు. నాకు మా పిల్ల మాట సరిగ్గా వినబడలేదు.

"ఏంటమ్మా ఆ గోల, కొట్టుకుంటున్నారా?"

"చప్పట్ల గురించి పెదనాన్నా. కొట్టేవాళ్లు ఉంటారని కొందరు, ఉండరని కొందరు. పొద్దుటి నుంచీ తెగలేదు."

"ఆవగింజ?"

"మొత్తం విన్నది. విని, ఇదే అన్నాడా, ఒక్క మాటన్నా కలిపావా అని మూడుసార్లు అడిగింది. కలపలేదని ఒట్టేశాను. వెళ్లిపోయింది. రాదేమో అనుకున్నాను. మళ్లీ వచ్చింది, వాళ్ల నాన్నని కూడా గేటు దగ్గర్నుంచి లాక్కొచ్చింది. ఆయన కింద నిలబడితే, తను సీటెక్కింది. చాలాసేపు చెప్పింది పెదనాన్నా. మధ్యలో పిల్లలు అడ్డొస్తే కసిరి మరీ చెప్పింది."

లారీ నడిపిన రోజుల్లో ఎన్ని ఘాట్లెక్కినా ఇంత ఊరట కలగలేదు.

"ఏమందో చెప్పు మరి."

"చెప్పను."

"అదేంటి?"

"అది అతనికన్న మాట. ముందు అతను వినాలి. నీకు చెబితే నువ్వు పెద్దమ్మకి చెబుతావు, పెద్దమ్మ చల్లారుస్తుంది."

పక్కనే ఉన్న మా ఆవిడ ఫోనులోకి వంగి, "నేనేం చల్లార్చనే, బండి జాగ్రత్తగా దింపు," అంది. అవతల మా పిల్ల నవ్వడం వినబడింది. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు.

నేనేదో గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకునేవాళ్లు అనుకోండి. పెద్దసారు పొగిడిన సభ కన్నా, మూడోసారి చేతికొచ్చిన లైసెన్సు కన్నా, ఆ కాటా గదిలోంచి వినబడిన పిల్లల గోల మా ఇంటికి పెద్ద పేరు. గ్రంథాలయం వాళ్లు మా పిల్ల గురించి రాసిమ్మంటే అందుకే ఇదంతా రాశాను.

నిన్న సాయంత్రం కళ్లజోడు మా గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆవగింజ జవాబిచ్చిందని చెప్పాను. ఏమని ఇచ్చిందో నాకూ తెలియదని కూడా చెప్పాను.

"కోపంగా అందా, మామూలుగానా తాతగారూ?"

"చాలాసేపు అందట. అంతవరకే నాకు తెలుసు."

అతను కాసేపు గేటు గొళ్లెం అటూ ఇటూ ఆడించాడు. "నేను కూడా ఇంకొంచెం చెప్పాల్సింది," అన్నాడు. "అమ్మ ఇంకో మాటంది. అది అప్పుడు గుర్తు రాలేదు."

"వచ్చాక చెబుదువుగానిలే."

"ఎప్పుడొస్తుంది బండి?"

క్వారీలో ఇంకో రోజు ఉండమని పిల్లలు పట్టుబట్టారట. కొండ దిగాక మెకానిక్కుకు బ్రేకులు చూపించుకోవాలి. అవన్నీ లెక్కేసుకునే చెప్పాను అతనికి. ఈ నెల పంతొమ్మిది, గురువారం, మీ బడి వదిలేసరికి.